బుట్టలో పడని పురుగు: లింగాకర్షక బుట్ట వెనక కథ

ఇవాళ ఒక బుట్ట గురించి మాట్లాడుకుందాం. పత్తి చేన్లో, కంది చేన్లో కర్రకు కట్టి వేలాడదీస్తారు చూడండి. పైన చిన్న మూత, దాని కింద గరాటు, గరాటుకు పొడుగాటి ప్లాస్టిక్ సంచి. మూత లోపల ఒక రబ్బరు బిళ్ల ఉంటుంది. వ్యవసాయ శాఖ వాళ్లు దీన్ని లింగాకర్షక బుట్ట అంటారు. మా నారాయణఖేడ్ దిక్కు ‘పురుగుల బుట్ట’ అంటే చాలు, అర్థమైపోతుంది.

ముందు మా చిన్నాయన సంగతి చెప్తాను. ఊరి బయట ఆయనకు నాలుగెకరాల నల్లరేగడి ఉంది. రెండేళ్ల కిందట పత్తి పెట్టాడు. ఈసారి మందుల ఖర్చు తగ్గించుకుందామని రెండు బుట్టలు కొనుక్కొచ్చి చేన్లో కట్టాడు. నేను ఊరికి పోయినప్పుడల్లా అడిగేవాణ్ణి, ఎట్లుంది చిన్నాయనా అని.

“బుట్టల ఒక్క పురుగు గూడ పడ్తలేదురా. ఈ యాడాది మనకు మంచిగనే ఉన్నట్టుంది” అనేవాడు.

దసరా పోయింది, దీపావళి దగ్గరికొచ్చింది. ఒకరోజు ఫోన్ చేశాడు. పోయి చూస్తే కాయ పైకి నున్నగా ఉంది, మచ్చ లేదు, బొక్క లేదు. పగలగొడితే లోపల గులాబీ రంగు పురుగు, గింజ తిని దూదంతా పచ్చగా చేసిపెట్టింది. పదికాయలు కోస్తే ఆరింట్లో అదే కథ. చిన్నాయన కాయలు చేతిలో పట్టుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత బుట్ట దిక్కు చూసి, “ఇది అబద్ధం చెప్పింది గదరా” అన్నాడు.

నేను మూత విప్పి రబ్బరు బిళ్ల కవరు ఎక్కడుందని అడిగాను. చిన్నమ్మ ఇంట్లోంచి వెతికి తెచ్చింది. దాని మీద ఉన్న పేరు శనగపచ్చ పురుగుది. పైగా ఆగస్టులో పెట్టిన బిళ్లే అది, మళ్లీ మార్చలేదు. అమ్మినాయన “పత్తికి ఇదే” అని ఇచ్చాడట. బుట్ట అబద్ధం చెప్పలేదండీ. గులాబీ పురుగు భాష దానికి రాదు. వచ్చిన ఒక్క భాష కూడా సెప్టెంబరు నాటికే మర్చిపోయింది.

వాసనను భాష అని ఎందుకంటున్నానో, ఈ సంగతి మనుషులకు ఎట్లా తెలిసిందో, అది మన జిల్లా దాకా ఎట్లా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఫ్రాన్సులో జాన్ హెన్రీ ఫాబర్ అని ఒక బడిపంతులు ఉండేవాడు. పురుగుల్ని చూస్తూ బతుకంతా గడిపిన మనిషి. 19వ శతాబ్దం చివరి రోజుల మాట. ఒక మే నెల పొద్దున ఆయన గదిలో గూడు చీల్చుకుని ఒక పెద్ద ఆడ రెక్కలపురుగు బయటికొచ్చింది. దాన్ని జాలీ బుట్ట కింద పెట్టి మర్చిపోయాడు. రాత్రి తొమ్మిదింటికి చిన్న కొడుకు కేకలు పెట్టుకుంటూ వచ్చాడట, ఇంటి నిండా పిట్టలంత పురుగులున్నాయని. దాదాపు 40 మగ పురుగులు చీకట్లో, చెట్లు దాటుకుని, తెరిచిన కిటికీల్లోంచి ఆ ఒక్క ఆడదాని కోసం వచ్చాయి. ఆ పరిసరాల్లో అవి మామూలుగా కనపడేవి కూడా కావు.

ఫాబర్ రకరకాలుగా పరీక్షించాడు. ఆడపురుగును గాజు మూత కింద గట్టిగా మూసిపెడితే ఒక్క మగది రాలేదు. పెట్టెలో కొంచెం సందు వదిలితే వచ్చాయి. ఇంకేం, వాసనే కదా అనిపిస్తుంది మనకు. ఆయన మాత్రం అంత తొందరగా ఒప్పుకోలేదు. గదినిండా నాఫ్తలీన్ కంపు కొట్టించినా మగవి దారి తప్పలేదు. మనిషి ముక్కుకు ఏమీ తెలియని వాసన, ఇంత ఘాటైన కంపును దాటుకుని అంత దూరం ఎట్లా పోతుంది? ఆ అనుమానం ఆయన్ని చివరిదాకా వదల్లేదు. ఒక మంచి పరిశీలకుడు తన ముక్కును కొలబద్దగా పెట్టుకుంటే ఎక్కడ ఆగిపోతాడో చూడండి.

ఆ ముడి విప్పింది జర్మనీ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బుటెనాంట్. అప్పటికే, 1939లో, ఆయనకు నోబెల్ బహుమతి ప్రకటించారు. పట్టుపురుగు ఆడదాని దగ్గర మగది రెక్కలు టపటపలాడించడం మనలో పట్టు పెంచేవాళ్లందరూ చూసేదే. ఆ టపటపకు కారణమైన పదార్థాన్ని పట్టుకోవడానికి ఆయన బృందానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది. 5 లక్షల ఆడ పురుగుల పొట్ట చివర ఉండే గ్రంథుల్ని కోసి, కరిగించి, వడకట్టి, మళ్లీ మళ్లీ వేరు చేస్తే చివరికి చేతికొచ్చింది కొన్ని మిల్లీగ్రాములు. 1959లో దాని నిర్మాణం ప్రకటించి బాంబికాల్ అని పేరు పెట్టారు. మగ పట్టుపురుగు మీసాల మీద ఉండే సన్న వెంట్రుకల్లో ఒక్క అణువు తగిలినా అక్కడి నరకణానికి కబురు అందుతుందని తర్వాత తేల్చారు. ఫాబర్ నాఫ్తలీన్ ఎందుకు అడ్డం రాలేదో అప్పుడర్థమైంది. ఆ మీసం వింటున్నది ఒక్క మాటే, పక్కన ఎంత గోల ఉన్నా దానికి పట్టదు.

సరిగ్గా అదే ఏడు, 1959లోనే, పీటర్ కార్ల్‌సన్, మార్టిన్ లూషర్ అనే ఇద్దరు ‘ఫెరోమోన్’ అనే మాట పుట్టించారు. గ్రీకులో మోసుకుపోవడం, ఉసిగొల్పడం అనే రెండు మాటలు కలిపి కట్టిన పేరు. ఒక జీవి బయటికి వదిలితే అదే జాతికి చెందిన ఇంకో జీవి నడవడిని గానీ, ఎదుగుదలను గానీ మార్చే పదార్థం అని అర్థం.

ఎదుగుదల అన్నాను, అక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మనం బుట్ట చుట్టూ తిరుగుతున్నాం కాబట్టి మగది ఆడదాని దగ్గరికి రావడమే ఈ వాసనల పని అనుకుంటాం. తేనెతుట్టెను చూడండి. రాణీగ దవడ గ్రంథుల్లోంచి వచ్చే పదార్థం తుట్టె అంతా పాకుతుంది. అది ఉన్నంతకాలం కూలి ఈగల అండకోశాలు ఎదగవు, కొత్త రాణిని పెంచే గదులు కట్టవు. రాణిని తీసేయండి, కొన్ని గంటల్లోనే తుట్టెలో తేడా తెలుస్తుంది, వాళ్లు కొత్త రాణి కోసం పని మొదలుపెడతారు. అంటే ఒక వాసన వేల ఒళ్లు ఎట్లా ఎదగాలో నిర్ణయిస్తోంది.

మిడతల సంగతి ఇంకా విచిత్రం. ఒంటరిగా తిరిగే మిడత వేరు, దండుగా వచ్చే మిడత వేరు అని చాలాకాలం రెండు జాతులుగా లెక్కేశారు. రంగు వేరు, ఆకారం వేరు, గుణం వేరు. 1921లో బోరిస్ ఉవరోవ్ ఇవి రెండూ ఒకే జాతి, గుంపు పెరిగితే అదే మిడత రెండో రూపం ఎత్తుతుందని చెప్పాడు. 2020 వేసవిలో ఎడారి మిడతల దండు మహారాష్ట్ర దాకా వచ్చినప్పుడు మన సరిహద్దు జిల్లాల్లో అందరూ ఆకాశం దిక్కు చూసినవాళ్లమే. అదే ఏడాది ఆగస్టులో చైనా శాస్త్రవేత్తలు ఎడారి మిడతకు దగ్గరి చుట్టం లాంటి వలస మిడతలో గుంపును పిలిచే పదార్థాన్ని గుర్తించామని ప్రకటించారు. నాలుగైదు మిడతల్ని ఒకచోట పెడితే చాలు, ఆ వాసన వదలడం మొదలుపెడతాయట.

ఒక చిన్న పక్కదారి. ఆసియా ఆడ ఏనుగు ఎదకొచ్చినప్పుడు మూత్రంలో వదిలే వాసన పదార్థాన్ని 1996లో గుర్తించారు. ఏమిటా అని చూస్తే, కొన్ని రెక్కలపురుగుల ఆడవి మగవాటిని పిలవడానికి వాడే పదార్థమే అది. ఏనుగు పురుగు దగ్గరికి పోదు, పురుగు ఏనుగు దగ్గరికి రాదు. పురుగులు ఒకే పదార్థంతో సరిపెట్టుకోవు, రెండు మూడు కలిపి ఒక పాళ్లలో వదులుతాయి. ఆ పాళ్లలోనే ఉంది కిటుకంతా. చిన్నాయన బుట్ట దగ్గరికి మళ్లీ వచ్చినప్పుడు ఈ మాట అక్కరకొస్తుంది.

ఇక మన జిల్లాకు వద్దాం. మా నారాయణఖేడ్ తాలూకా నిజాం కాలంలో బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు మెదక్‌లో కలిపారు. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. మా పెద్దవాళ్ల మాటల్లో కన్నడ, మరాఠీ, ఉర్దూ కలిసి వినపడేది అందుకే. ఇదే జిల్లాలో, హైదరాబాద్ దిక్కు చివర, పటాన్‌చెరు దగ్గర 1972లో ఇక్రిశాట్ వచ్చింది. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ. వాళ్లు పట్టుకున్న పంటలేమిటి? జొన్న, సజ్జ, కంది, శనగ, తర్వాత పల్లికాయ. అంటే మా ఖేడ్ చేన్లలో తాతల కాలం నుంచి ఉన్నవే. లోకం నలుమూలల నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు మా పంటల మీద వాలే పురుగుల ముక్కుల గురించి పరిశోధన మొదలుపెట్టారు.

మొదట జొన్న. జొన్న మొలిచిన మొదటి నెలలో మొవ్వు చంపే ఈగ పడుతుంది. దాని పిల్లపురుగు సుడిలోకి దూరి పెరిగే మొనను కోసేస్తుంది, నడిమి ఆకు ఎండి, పట్టి లాగితే ఊడి వస్తుంది. ఆలస్యంగా వేసిన చేనుకు మరీ నష్టం. ఈ ఈగను పట్టడానికి పటాన్‌చెరులో ఏం వాడారో తెలుసా? ఎండుచేపల పొడి! ఆ కుళ్లు వాసనకు ఈగలు, అందులోనూ ఎక్కువగా ఆడవి, వచ్చి పడతాయి. శాస్త్రవేత్తలు దీన్ని రెండు రకాలుగా వాడుకున్నారు. ఎప్పుడు ఎంత ఈగ ఉందో లెక్కపెట్టడానికి ఒకటి. రెండోది నాకు బాగా నచ్చింది. ఈగను తట్టుకునే జొన్న రకం ఏదో తేల్చాలంటే చేన్లో ఈగ దండిగా ఉండాలి కదా. అందుకని ఈగకు లొంగిపోయే రకాన్ని ముందే సాళ్లలో వేసి, మధ్యలో తడిపిన చేపపొడి చల్లి, ఈగల్ని పిలిచి మరీ పరీక్ష పెట్టేవాళ్లు.

తర్వాత శనగ. మా నాయనమ్మ చలికాలంలో రాత్రిపూట శనగచేను మీద పల్చటి తెల్లగుడ్డ పరిచి వచ్చేది. తెల్లారకముందే పోయి ఆ తడిసిన గుడ్డ గిన్నెలోకి పిండేది. పుల్లగా, నాలుక జివ్వుమనేటట్టు ఉండేది ఆ నీరు. కడుపునొప్పికి ఒక చెంచా. ఆయుర్వేదంలో దీన్ని చణకామ్లం అంటారు. శనగచేన్లో చెప్పుల్లేకుండా నడిస్తే కాళ్లు మండేది కూడా ఇందుకే. శనగ ఆకుల మీదుండే సన్న నూగు మాలిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం కార్చుతుంది. ఈ ఆక్సాలిక్ ఆమ్లం తిన్న శనగపచ్చ పురుగు సరిగ్గా ఎదగదని 1995లో పటాన్‌చెరు శాస్త్రవేత్తలు ప్రచురించారు. పులుపు ఎక్కువున్న రకాల మీద పిల్లపురుగు బక్కగా, మెల్లగా పెరుగుతుంది. నాయనమ్మ చెంచాలో పోసిన మందు పురుగుకు పెట్టిన అడ్డుకట్ట అన్నమాట. అయినా ఆ పురుగు పేరులోనే శనగ ఉంది చూడండి. అడ్డుకట్ట దానికి ఆలస్యం చేస్తుందే గానీ ఆపదు.

కందికి ఇంకో కథ. కంది కాయ తొక్క మీద క్వెర్సెటిన్ కుటుంబానికి చెందిన పదార్థాలు కొన్ని శనగపచ్చ పురుగుకు ఆకలి పుట్టిస్తాయి, అదే తొక్క మీది ఇంకో పదార్థం వద్దంటుంది. ఒకే కాయ రా అనీ అంటుంది, పో అనీ అంటుంది. కందికి చుట్టమైన ఒక అడవి తీగ కాయల మీద దట్టమైన నూగు ఉంటుంది, దాని మీద పొదిగిన చిన్న పురుగుకు తొక్క దాకా నోరందదు. ఆ గుణాన్ని మన కందిలోకి తేవాలన్నది అక్కడివాళ్ల చాలాకాలపు పని.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. జొన్నలో కంది సాళ్లు కలిపి వేయడం మా దిక్కు పాత పద్ధతి. జొన్న మీద పెరిగిన మిత్రపురుగులు కోత కాగానే కంది మీదికి పోయి అక్కడి పురుగును చంపుతాయని చాలామంది చెప్తుంటారు, నేనూ చెప్పేవాణ్ణి. శనగపచ్చ పురుగు గుడ్లలో తన గుడ్డు పెట్టే ట్రైకోగ్రామా అనే నలుసంత కందిరీగ విషయంలో పటాన్‌చెరులో పరిశీలిస్తే అట్లా జరగలేదు. జొన్న కంకి మీది గుడ్లను అది బాగానే పట్టుకుంటుంది. పక్కనే ఉన్న కంది పూత మీద, కాయ మీద దాదాపు పట్టుకోదు. కంది కాయలు, పూల తొడిమల మీది నూగు, అది కార్చే జిగురు ఆ చిన్న ప్రాణికి గిట్టవు. మిశ్రమ పంటకు వేరే లాభాలు చాలా ఉన్నాయి, ఒకటి పోతే ఒకటన్నా చేతికొస్తుంది. ఈ ఒక్క లాభం మాత్రం మనం ఊహించుకున్నదే.

ఇప్పుడు బుట్ట. శనగపచ్చ పురుగు ఆడది వదిలే వాసనలో ముఖ్యమైన పదార్థాలు 1970ల చివర్లో తేలాయి. లండన్‌లోని ట్రాపికల్ ప్రొడక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ బృందం 1979లో ప్రచురించిన పరిశోధన ఇందులో ఒక మైలురాయి. జెడ్-11-హెక్సాడెసినాల్ ఒకటి, జెడ్-9-హెక్సాడెసినాల్ రెండోది. వందలో 97 పాళ్లు మొదటిది, 3 పాళ్లు రెండోది కలిపితే మగది నమ్ముతుంది. ఇక్రిశాట్ వాళ్లు ఈ మిశ్రమాన్ని రబ్బరు బిళ్లలో ఇంకించి, ఏ ఆకారం బుట్టలో ఎక్కువ పడతాయి, ఎంత ఎత్తున కట్టాలి అని 1980లలో ఏళ్ల తరబడి చూశారు. పక్కనే దీపపు ఎరలు కూడా పెట్టి పోల్చుకున్నారు. దేశంలో చాలాచోట్ల అట్లాంటి బుట్టలే పెట్టించి లెక్కలు తెప్పించుకున్నారు. ఇవాళ మన చేన్లో గరాటు కింద సంచి వేలాడుతోందంటే ఆ పని ఫలితమే.

వాళ్లు వెతికింది పురుగును చంపే సాధనం కాదండీ. ఎప్పుడొస్తోందో ముందే తెలిపే గంట కావాలి వాళ్లకు. బుట్టలో పడేది మగది మాత్రమే. ఒక మగది చాలా ఆడవాటితో కలవగలదు. పదింట్లో ఆరు పట్టినా మిగిలిన నాలుగు ఊరికంతటికీ సరిపోతాయి. గుడ్డు పెట్టే ఆడది బుట్ట దిక్కే రాదు. ఎకరానికి రెండు బుట్టలు పెట్టి పురుగు చచ్చిపోతుందనుకోవడం, గుడి గంట కొట్టి దొంగను కొట్టాననుకోవడం లాంటిది.

గంట ఎందుకంత అవసరమైంది? 1987-88 గుర్తు తెచ్చుకోండి. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి. 1980 ప్రాంతంలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట్లో చల్లితే పురుగు రాలిపోయేది. రైతులు వారం వారం చల్లారు, క్యాలెండర్ చూసి చల్లారు, పక్కవాడు చల్లాడని చల్లారు. 20 సార్లు, 30 సార్లు కొట్టిన చేన్లు ఉన్నాయి. శనగపచ్చ పురుగు ఆ మందులకు అలవాటు పడిపోయింది. ఆంధ్రప్రదేశ్ నుంచి తీసుకుపోయిన పురుగుల మీద పరీక్షలు చేసి, పైరిత్రాయిడ్లకు నిరోధం వచ్చిందని 1989లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఆలోపే పంట పోయింది, అప్పు మిగిలింది, రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్లకు, 1997-98లో, వరంగల్‌లో లద్దెపురుగు పత్తి మీద పడి మళ్లీ అదే జరిగింది. పురుగు ఉందో లేదో తెలియక కొట్టే మందు, ఉన్నా అవసరమున్నంత కంటే ఎక్కువ కొట్టే మందు, ఈ రెండే రైతును ముంచాయి. వాసన తెలిసిన రబ్బరు బిళ్ల అప్పటికే పటాన్‌చెరులో ఉంది. గుంటూరు చేనుకు, వరంగల్ చేనుకు అది చేరేలోపు పురుగుమందుల దుకాణం చేరింది.

ఆ దెబ్బ తిన్న చోట్ల నుంచే మార్పూ వచ్చింది. ఖమ్మం జిల్లా పునుకుల ఊరు పురుగుమందులు మానేశామని 2000ల మొదట్లో చాటింది. వేప కషాయాలు, ఎర పంటలు, పక్షి స్థావరాలు, వాటితో పాటు ఈ బుట్టలు. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ కూడా ఫెరోమోన్ల తయారీ మీద ఏళ్ల తరబడి పనిచేసింది. విదేశం నుంచి తెప్పించుకోవాల్సిన అవసరం తగ్గింది.

ఇక చిన్నాయన చేన్లో పడ్డ గులాబీ పురుగు. దీని చరిత్రలో మన దేశం పేరు మొదటి నుంచీ ఉంది. భారతదేశపు పత్తి నుంచి పంపిన నమూనాలను చూసి 1843లో సాండర్స్ అనే ఇంగ్లీషు పండితుడు దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. దాని వాసన వేటలో ఒక పెద్ద పొరపాటు జరిగింది. 1966లో అమెరికాలో ఒక పదార్థాన్ని పట్టుకుని ఇదే అని ప్రొపైల్యూర్ అన్నారు. చేన్లో పెడితే ఒక్క మగది తిరిగి చూడలేదు. మళ్లీ వెతగ్గా వెతగ్గా 1973లో అసలుది దొరికింది. దాదాపు ఒకే రకమైన రెండు పదార్థాలు, అణువులో ఒక్క మలుపు మాత్రం తేడా, రెండూ సమపాళ్లలో కలిస్తేనే ఆడదాని పిలుపు. దానికి గాసిప్లూర్ అని పేరు. శనగపచ్చ పురుగు పాళ్లు 97కి 3, గులాబీ పురుగు పాళ్లు సగానికి సగం. పదార్థాలే వేరు, లెక్కే వేరు. ఒకదాని బిళ్ల పెట్టి రెండోదాని కోసం ఎదురుచూస్తే చిన్నాయనకు జరిగిందే జరుగుతుంది.

మరి అమ్మినాయన ‘పత్తికి ఇదే’ అని ఎందుకన్నాడు? తప్పే, కానీ ఆ తప్పుకూ ఒక చరిత్ర ఉంది. 1980లలో, 90లలో పత్తి పురుగంటే శనగపచ్చ పురుగే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, 2006లో రెండు జన్యువుల బీటీ వచ్చింది. శనగపచ్చ పురుగు పత్తిలో వెనక్కి తగ్గింది. బుట్టలు అటకెక్కాయి, వాటి అవసరం లేదనుకున్నాం. గులాబీ పురుగు మాత్రం బీటీకి అలవాటు పడుతూ వచ్చింది. మొదటి తరం బీటీని తట్టుకుంటోందని గుజరాత్‌లో 2009లో తేలింది, 2014-15 నాటికి రెండో తరాన్నీ తట్టుకుంది. శత్రువు మారింది, జనం నోట్లో పాత పేరే మిగిలింది.

అమెరికా వాళ్లు ఈ పురుగును 2018లో తమ పత్తి నుంచి పూర్తిగా తుడిచేశామని ప్రకటించారు. బీటీ, గొడ్డుచేసిన పురుగుల్ని గాల్లోంచి వదలడం, దాంతోపాటు ఈ గాసిప్లూర్. అక్కడ దాన్ని బుట్టలో కాక చేనంతా నింపారు. గాలి మొత్తం ఆడదాని వాసనే అయితే మగదానికి అసలు ఆడది ఎక్కడుందో తెలియదు, తిరిగి తిరిగి చచ్చిపోతుంది. మన దేశంలోనూ కొన్నేళ్లుగా మొక్కలకు కట్టే తాళ్లు, పూసే ముద్దలు వచ్చాయి. నా అనుమానం ఒకటే. నాలుగెకరాల రైతు ఒక్కడే కట్టుకుంటే పక్క చేన్లో కలిసిన ఆడది ఎగిరొచ్చి ఇక్కడ గుడ్లు పెడుతుంది. ఊరు ఊరంతా ఒకేసారి కట్టాలి. మనూళ్లో చెరువు కాలువ పూడిక తీయడానికే అందరూ ఒక్క రోజున రారు.

చిన్నాయనతో పోయిన వానాకాలం నేనే దగ్గరుండి చేయించాను. విత్తిన 45 రోజులకు బుట్టలు కట్టాం, మొక్క తల కంటే అడుగు ఎత్తున. మగది గాలికి ఎదురుగా, అటూ ఇటూ వంకరలు తిరుగుతూ వస్తుంది. బుట్ట ఆకుల్లో మునిగిపోతే వాసన దారం తెగిపోతుంది. బిళ్ల కవరు మీద గులాబీ రంగు పురుగు అని చదివి, గడువు తేదీ చూసి తీసుకున్నాం. మూడు నాలుగు వారాలకోసారి మార్చాం. పాత బిళ్ల చేన్లో పారేయలేదు, అది కూడా పిలుస్తూనే ఉంటుంది కదా. బిళ్ల ముట్టుకునే ముందు చేతులు కడుక్కోమంటే చిన్నమ్మ నవ్వింది, “పురుగుకు మన చెయ్యి వాసన గూడ పట్టదా” అని. బుట్టలో వరసగా మూడు రాత్రులు, రాత్రికి ఎనిమిది పడితే అప్పుడు ఆలోచించాలని శాస్త్రవేత్తల లెక్క. దాంతోపాటు వికసించకుండా ముడుచుకున్న గుడ్డి పూలు ఏరెయ్యాలి, వారానికోసారి 20 కాయలు కోసి చూడాలి.

చిన్నాయన మనవరాలి పాత నోటుపుస్తకంలో రోజూ రాస్తాడు. తేదీ, బుట్ట నంబరు, పడ్డవి ఎన్ని. మొదటి పేజీల్లో సున్నా, సున్నా, ఒకటి, సున్నా. సెప్టెంబరు మూడో వారంలో మూడు, ఐదు, తొమ్మిది, పదకొండు, తొమ్మిది. మూడో రాత్రి లెక్క రాసి నాకు ఫోన్ చేశాడు. “ఒచ్చిందిరా” అన్నాడు. ఆ తర్వాత ఒకసారి మందు కొట్టాడు, పదిహేను రోజులు ఆగి కాయలు కోసి చూసుకుని ఇంకోసారి కొట్టాడు. అంతకుముందు ఏడు ఎన్నిసార్లు కొట్టావు చిన్నాయనా అంటే లెక్క చెప్పలేదు, రాసుకోలేదన్నాడు.

ఆ నోటుపుస్తకం ఫోటోలు వీడియో చివర చూపిస్తున్నాను. నాలుగో పేజీలో ఒకచోట ‘7’ కొట్టేసి ‘6’ అని ఉంటుంది. అందులో ఒకటి వేరే జాతి పురుగని మనవరాలు గుర్తుపట్టిందట. ఉంటానండీ.